జైతున్‌బీ చెప్పిన షుగరు

కువైట్‌లోని హవల్లీలో ఎలక్ట్రానిక్స్ దుకాణాల పైన, రెండో అంతస్తులో ఒక పళ్ళ క్లినిక్కు ఉంది. గుమ్మం మీద పెద్ద అరబ్బీ అక్షరాల్లో దానికి మంచి పేరే రాసి ఉంది గాని మన కడప, రాయచోటి వాళ్ళెవరూ ఆ పేరు పలికిన పాపాన పోలేదు. వాళ్ళకది జైతూనక్క క్లినిక్కు. జైతూనక్క డాక్టరు కాదు, నర్సు కూడా కాదు. పనిముట్లు కడిగి వేడి పెట్టెలో పెట్టడం, రోగి నోట్లో ఊరే నీళ్ళను గొట్టంతో లాగడం, సాయంత్రం నేల తుడవడం ఆమె పని. అయినా సులైబియా నుంచీ మంగఫ్ నుంచీ బస్సులు మారి మరీ జనం ఆమె కోసం వచ్చేవాళ్ళు. ఆమెకు తెలుగు వచ్చు, అరబ్బీ వచ్చు. దవడ వాచి రాత్రంతా నిద్రలేనివాడికి అంతకు మించిన డాక్టరు ఎవరుంటారు?

జైతున్‌బీది రాయచోటి. మొగుడు పోయాక ఇంటిపని వీసా మీద కువైట్ వచ్చింది. ఒకే ఇంట్లో ఏళ్ళ తరబడి పనిచేసి, ఆ ఇంటి పిల్లల్ని చంకనేసుకుని పెంచి, వాళ్ళను తిట్టడానికి అరబ్బీ నేర్చుకుంది. తిట్టడానికి నేర్చుకున్న భాష గనక గట్టిగానే వచ్చింది. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక 'మామా' అని పిలిచే ఆ ఇంటి యజమానురాలు దయతలచి, బంధువుల క్లినిక్కుకు ఆమె ఇఖామా, అంటే ఆ దేశంలో ఉండే అనుమతి, మార్పించింది. అక్కడి డాక్టరు హనాన్ అని ఒక ఈజిప్టు ఆవిడ. మెత్తటి మనిషి. కూలివాడు నోరు తెరిచినా షేకు నోరు తెరిచినా ఒకేలా వంగి చూసేది. ఆమెకు జైతున్‌బీ మీద ప్రాణం. జైతున్‌బీ లేకపోతే సగం మంది రోగులు తనకు మూగవాళ్ళని ఆమెకు తెలుసు.

జైతున్‌బీ మాట చేరవేసే పద్ధతి వేరు. డాక్టరమ్మ ఒక మాటంటే ఈమె పది అనేది. రోగి పది చెప్పుకుంటే ఈమె ఒకటి చేసి అప్పగించేది. 'సిగరెట్లు తగ్గించమను' అని డాక్టరమ్మ అందనుకోండి, "ఏమబ్బీ, ఈ నోరేసుకోని ఊరికి పోతే నీ పెండ్లాం అదే విమానంలో వెనక్కి ఎక్కిస్తాది. ఆ పొగ మాను. మానకపోతే ముందర పండ్లు రెండూ రాల్తాయి, ఫోటో దిగేటప్పుడు నోరు మూసుకోని దిగాల్సొస్తాది" అని వాయించేది. మంగఫ్ నుంచి వచ్చే చిన్నపుల్లయ్య అనే మెకానిక్కు తన దవడపన్ను పుట్టుపూర్వోత్తరాలన్నీ ఏకరువు పెడితే, అంతా విని డాక్టరమ్మ వైపు తిరిగి, నొప్పంట అని ముగించేది. అంతేనా అని డాక్టరమ్మ నవ్వేది. ఖలాస్, అంతే అనేది జైతున్‌బీ.

ఇదంతా చెప్పుకుని నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ చెప్పేవాడికీ వినేవాడికీ మధ్య కూర్చున్న మనిషి చేతిలో ఎంత ఉంటుందో ఎవరూ ఆలోచించలేదు. ఆ ఇద్దరిలో ఏ ఒక్కరికీ రెండోవాళ్ళ మాట తెలియదు. ఏది చెప్పాలో, ఏది మింగాలో, ఏది మెత్తబరచాలో అన్నీ జైతున్‌బీ ఇష్టం. మెత్తబరచడం తప్పని ఆమెకు ఎన్నడూ తోచలేదు. అది తన మంచితనమే అనుకుంది. జనం కూడా అలాగే అనుకున్నారు, దండాలు పెట్టారు.

ఆ మంచితనానికి ఒక కారణం ఉంది. చాలా ఏళ్ళ కిందట, ఇంకా ఇంటిపనిలో ఉన్నప్పుడు, తన వీధి పిల్ల యాస్మిన్ అనే ఆమె కూడా ఇక్కడే ఇంకో ఇంట్లో పనిచేసేది. ఇఖామా కోసం రక్తం తీశారు. ఆ పిల్లకు అరబ్బీ రాదని తోడుగా జైతున్‌బీని పిలిచారు. కౌంటరులో కూర్చున్నవాడు ఏమన్నాడో ఆమె అక్షరం పొల్లుపోకుండా ఆ పిల్లకు చెప్పింది. హెచ్‌ఐవీ అని తేలింది, నువ్విక దేశంలో ఉండకూడదు అని. తర్వాత యాస్మిన్ తన పెట్టె కూడా సరిగ్గా సర్దుకోలేదు. ఆమె ఊరు చేరేలోగా ఆ మాట ఆమెకంటే ముందే చేరింది. సొంత అన్నదమ్ములు గొర్రెల కొట్టం పక్కన మంచం వేశారు. ఏడాది తిరక్కుండానే పోయింది. ఆ పిల్లను జబ్బు చంపలేదు, మాట చంపిందని జైతున్‌బీ తేల్చేసుకుంది. ఆ మాట మోసింది తన నోరే అని కుళ్ళి కుళ్ళి ఏడ్చింది. ఆమె అనుకున్నదాంట్లో సగం నిజం ఉంది. ఆ పిల్లకు మందులు అందాయా, ఎవరైనా ఆస్పత్రికి తీసుకుపోయారా అన్న మిగతా సగం గురించి ఆమె ఎప్పుడూ ఎవరినీ అడగలేదు.

రామాంజనేయులు మొదటిసారి క్లినిక్కుకు వచ్చింది ఎండలు ముదురుతున్న రోజుల్లో. సులైబియాలో కూరగాయల గోడౌనులో సరుకు ఎత్తే బండి నడుపుతాడు. ఊరు సంబేపల్లె దగ్గర. సెలవు మీద ఊరికి పోయి తిరిగొచ్చి రెండు నెలలు కూడా కాలేదు. మనిషి నిటారుగా ఉంటాడు, మాటకు ముందు నవ్వుతాడు. ఆ రోజు మాత్రం తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు.

అతను నోరు తెరవగానే జైతున్‌బీ గొట్టం పట్టుకున్న చెయ్యి ఆగింది. ఇన్నేళ్ళలో ఆమె పీల్చని దుర్వాసన లేదు. పుచ్చిన పన్ను వాసన ఒకటి, చీము వాసన ఒకటి, పాన్ నమిలే నోరు ఒకటి. ఇది వాటిలో ఏదీ కాదు. ప్రాణం ఉండగానే ఏదో కుళ్ళిపోతున్న వాసన.

డాక్టరమ్మ మామూలుగా పనిచేస్తూ చిన్న చిన్న కబుర్లు చెబుతుంది. ఆ రోజు చెప్పలేదు. దీపం కిందికి లాగి, చిన్న అద్దంతో ఒక్కో పన్నూ చూసింది. పళ్ళు శుభ్రంగా ఉన్నాయి. పాచి లేదు, గార లేదు. పొగ తాగడు, వక్క నమలడు. అయినా పళ్ళకు ఆనుకున్న చోట చిగురు పొడుగునా ఎర్రటి పట్టీ, ఎవరో కుంచెతో గీసినట్టు. కింది ముందరి పళ్ళ మధ్య చిగురు మొనలు లేవు, తినేసినట్టు గుంటలు పడ్డాయి. వాటి మీద బూడిదరంగు పొర. దూది ఆనిస్తే రక్తం. తర్వాత డాక్టరమ్మ గుడ్డతో అతని నాలుకను మెల్లగా బయటికి లాగి పక్కలు చూసింది. తెల్లటి గీతలు. తుడిచింది, పోలేదు. మెడ కింద, చెవుల వెనక వేళ్ళతో తడిమింది. ఆ తడిమిన చోటే మళ్ళీ తడిమింది.

"నొప్పి పన్నులోనా, లోపల ఎముకలోనా అని అడుగు" అంది.

"ఎముకలో అక్కా. దవడ లోపల్నుంచి నలిపినట్ల ఉండాది" అన్నాడు రామాంజనేయులు.

జ్వరం వస్తుందా, బరువు తగ్గావా, రాత్రిళ్ళు చెమట పడుతుందా, విరేచనాలు ఆగకుండా అవుతున్నాయా అని ఒకటొకటే అడిగించింది. ప్రతిదానికీ అతను అవుననే అన్నాడు, నవ్వుతూనే అన్నాడు. "సులైబియా ఎండకు ఎవురైనా చిక్కుతారు గదక్కా. ప్యాంటు జారిపోతాంటే బెల్టుకు కొత్త బొక్క పెట్టించినా" అన్నాడు. డాక్టరమ్మ అతని వేలు పొడిచి చక్కెర చూసింది. చిగుళ్ళు ఇట్లా పాడు కావడానికి చక్కెర జబ్బు కూడా ఒక కారణం కావచ్చు గనక, అదే అయి ఉండాలని ఆమె మనసులో మొక్కుకున్నట్టే ఉంది. చక్కెర లేదు. మంచి లెక్కే ఉంది.

అప్పుడామె జైతున్‌బీని పక్కకు పిలిచి, అరబ్బీలో నిదానంగా చెప్పింది. "చిగుళ్ళు చూసి ఎవరూ తీర్పు చెప్పకూడదు, నేనూ చెప్పను. కానీ ఇవి మామూలు చిగుళ్ళు కావు. శరీరంలో కాపలా పడిపోయినప్పుడే నోరు ఇలా అవుతుంది. హెచ్‌ఐవీ అని నా అనుమానం. రక్తపరీక్ష తప్పదు. ఇక్కడ చేయించుకుని తేలితే పంపించేస్తారు, అది నీకూ తెలుసు. నేను కాగితం మీద ఏమీ రాయను. తన ఊరికి తానే పోయి చేయించుకోమను. మందులున్నాయి, రోజూ వేసుకుంటే అందరిలాగే బతుకుతాడు. ఆలస్యం చేస్తే బతకడు. పెళ్ళయిందన్నాడు కదా, ఆమెకూ పరీక్ష చేయించాలి. ఇదంతా వివరంగా చెప్పు జైతూన్, ఒక్క మాట కూడా తగ్గించకు."

రామాంజనేయులు కుర్చీలో వెనక్కి వాలి వీళ్ళిద్దరినీ చూస్తున్నాడు. జైతున్‌బీ అతని వైపు నడిచింది. ఆ నాలుగడుగుల్లో ఆమె కళ్ళకు యాస్మిన్ మంచం కనబడింది. ఈ మాట నేను మళ్ళీ మోయను, ఇంకొకరి ప్రాణం నా నోటితో తియ్యను అనుకుంది.

"యేమంటాదక్కా డాక్టరమ్మ?" అన్నాడతను.

"షుగర్" అంది జైతున్‌బీ.

అతని ముఖంలో భయం పోయి వెలుగు వచ్చింది. "షుగరేనా? ఇంకేమన్నా ఉండాదేమో అని బయపడి సస్తాండా. రక్తం గూడా జూసిరి గదా, ఇంకేం లేదా?"

"ఇంకేం లేదు నాయనా. షుగరొకటే. రక్తం జూసే జెప్పింది గదా" అంది. ఆ 'ఇంకేం లేదు' అనేది ఆమె అలవాటుగా వేసిన కొసరు. ఆమె వేసే కొసరులన్నింటిలాగే అదీ తీపిగానే ఉంది. తర్వాత డాక్టరమ్మ వైపు తిరిగి, అంతా అర్థమైందంట, ఊరికి పోయి పరీక్ష చేయించుకుంటాడంట, భార్యకూ చేయిస్తాడంట అని అరబ్బీలో చెప్పింది.

డాక్టరమ్మ అతని భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. ఆమె కళ్ళు తడిశాయి. రామాంజనేయులు మర్యాదగా తలూపి, బయటికి వచ్చాక, "షుగర్‌కే ఇంత బాధపడ్తాదేందక్కా ఆయమ్మ? మంచి మనిషి మాదిరుండాది" అన్నాడు.

డాక్టరమ్మ రాసిన మాత్రలు, పుక్కిలించే మందు వాడాడు. చచ్చిన కండను ఆమె తీసి శుభ్రం చేసింది. వారం తిరిగేసరికి నొప్పి తీసేసినట్టు పోయింది. నోటి వాసన తగ్గింది. చూశావా, ఏం కొంప మునిగింది అని జైతున్‌బీ తనకు తానే చెప్పుకుంది. అదను చూసి నిదానంగా చెబుదాం, ముందు మనిషి కోలుకోనీ అనుకుంది. అంత మాత్రం ధైర్యం కూడా తెచ్చుకున్నది గాని, అదను అనేదాన్ని వెతికితే తప్ప దొరకదని ఆమెకెవరూ చెప్పలేదు.

రామాంజనేయులు మాత్రం షుగర్‌ను నెత్తిన పెట్టుకున్నాడు. గదిలో అందరికీ తనే చెప్పాడు, ఊరికి ఫోన్ చేసి చెప్పాడు. కువైట్‌లో నా రక్తం తీసి చూశారు, షుగరొకటే, ఇంకేం లేదంట అని. తీపి మానేశాడు. అన్నం మాని ఖుబ్జ్ రొట్టె తిన్నాడు. అతనితో పాటు గదిలో ఉండే సమీవుల్లా అనే రాయచోటి మనిషి, వంట వంతు తనదైన రోజుల్లో అతనికి వేరే పొయ్యి మీద గోధుమ జావ కాచిపెట్టేవాడు. అతను ఇంకా చిక్కిపోతుంటే, షుగరోళ్ళు అట్లే పీక్కపోతారులే అని గదిలో అందరూ ధైర్యం చెప్పారు. ఒకరి అబద్ధం ఇంతమంది చేతుల్లో పడి ఎంత భద్రంగా పెరిగిందో చూస్తే భయమేస్తుంది.

రెండోసారి అతను స్వీట్ల పెట్టె చేతబట్టుకుని వచ్చాడు.

"మా శివపార్వతి నీళ్ళు పోసుకునిందక్కా. మొన్న నేను పోయినప్పుడే నిలబడిందంట. పెండ్లయి ఆరేండ్లకు! తీసుకో, తీసుకో. నేనైతే తినకూడదు, నాకు షుగర్ గదా" అన్నాడు.

జైతున్‌బీ పెట్టె అందుకుంది. అప్పటిదాకా ఆమె ఒక్క మనిషినే లెక్కలోకి తీసుకుంది. ఎదురుగా కుర్చీలో కూర్చున్నవాణ్ణి కాపాడాననుకుంది. ఎక్కడో సంబేపల్లె దగ్గర ఒక ఆడమనిషి, ఆమె కడుపులో ఒక బిడ్డ ఉండవచ్చనే ఊహే ఆమెకు రాలేదు. డాక్టరమ్మ చెప్పింది కదా, ఆమెకూ పరీక్ష అని. చెవులతో విన్నది. విని ఎటు పారేసిందో.

లోపల డాక్టరమ్మ అతని నోరు చూసింది. పుండ్లు మానాయి. ఆ ఎర్రటి పట్టీ మాత్రం అలాగే ఉంది, ఎంత శుభ్రం చేసినా చెరగనట్టు. "పరీక్ష చేయించుకున్నాడా? భార్య సంగతేమిటి?" అని అడిగింది.

"సెలవు దొరకలేదంట. వచ్చే నెల పోతాడంట" అంది జైతున్‌బీ.

"ఆ స్వీట్లెందుకు?"

"మందు బాగా పనిచేసిందని."

డాక్టరమ్మ నవ్వలేదు. తొందర పెట్టు జైతూన్, అతనికి ఎక్కువ వ్యవధి లేదు అని మాత్రం అంది. ఆ నిమిషంలో ముగ్గురూ ఒకే గదిలో ఉన్నారు, చెయ్యి చాపితే తగిలేంత దగ్గరగా. నోరు విప్పి ఉంటే అయిపోయేది. విప్పలేదు. విప్పితే మొదటి అబద్ధం కూడా బయటపడుతుంది, డాక్టరమ్మ ముందు తలెత్తుకోలేను అన్న పిరికితనం కూడా ఇప్పుడు తోడైంది. మంచితనమని పేరు పెట్టుకున్నది ఎప్పుడు పిరికితనంగా మారిందో ఆమెకే తెలియలేదు.

శుక్రవారం బస్సెక్కి సులైబియా పోయింది. చెప్పి తీరాలని ఒట్టు వేసుకుని పోయింది. రేకుల గదిలో నలుగురైదుగురున్నారు. జైతూనక్క వచ్చిందని సమీవుల్లా హడావుడిగా టీ పెట్టాడు. రామాంజనేయులు ఫోన్‌లో పెండ్లాం ఫోటో చూపించాడు. పల్చటి పిల్ల, కెమెరా వైపు కాకుండా పక్కకు చూస్తోంది. అందరిలో ఎట్లా చెప్పడం? బయటికి పిలిస్తే ఏమనుకుంటారు? టీ చల్లారిపోయింది. చెప్పడానికి పోయిన మనిషి, షుగర్‌కు మంచిదని కాకరకాయ చేదు పోకుండా కూర ఎట్లా వండాలో చెప్పి వచ్చింది. తిరుగు బస్సులో తన చెంప తానే వాయించుకోవాలనిపించింది. వాయించుకుని ఉంటే బాగుండేది.

ఆ తర్వాత కొన్నాళ్ళు అతని జాడ లేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఒక మధ్యాహ్నం, క్లినిక్కులో రోగులు పల్చబడిన వేళ, పనిముట్లు కడిగే గదిలోకి నేరుగా దూసుకొచ్చాడు. చెంపలు లోపలికి పోయాయి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అక్కా, నువ్వే నన్ను కాపాడాల" అన్నాడు.

శివపార్వతిని సర్కారు ఆస్పత్రిలో చూపించారు. కడుపుతో ఉన్నవాళ్ళందరికీ తీసినట్టే ఆమెకూ రక్తం తీశారు. హెచ్‌ఐవీ ఉందన్నారు. బిడ్డకు రాకుండా ఉండాలంటే ఈ రోజు నుంచే మింగాలని మాత్రలిచ్చారు, మొగుణ్ణి కూడా పరీక్షకు రమ్మన్నారు. తోడు పోయిన తోడికోడలి నోట్లో మాట ఆగలేదు. ఇంటికి చేరేసరికి రామాంజనేయులు తల్లి సత్యనారాయణమ్మ వాకిట్లో నిలబడి ఉంది.

"నేనీడ ఎడారిలో సస్తాంటే అది ఆడ ఏం జేసిందో సూడక్కా" అన్నాడతను, పళ్ళు కొరుకుతూ. "ఏడుస్తాది, ఒట్లు పెడ్తాది. నీ మొగుడు గూడా పరీక్ష చేయించుకోవాలని ఆస్పత్రోళ్ళు అంటారంట. నేను చేయించుకోలేదా? నీ ముందరే గదా నా రక్తం జూసింది? షుగరొకటే, ఇంకేం లేదని జెప్పలేదా? మెడికల్ పాసైతేనే గదా నన్ను కువైట్‌కు తోలింది? ఆ మాటే మావోళ్ళకు జెప్పినా. ఈ పొద్దు పెద్దమనుషులు కూర్చున్నారు. ఇప్పుడే ఫోన్ చేస్తారు. డాక్టర్ ఏమనిందో నువ్వొక్క మాట జెప్పు, చాలు. దాన్ని వాళ్ళమ్మోళ్ళింటికి తోలేస్తారు."

"ఆ మాత్రలు? మింగుతాందా?" అని అడిగింది జైతున్‌బీ.

"మా యమ్మ మింగనీలేదు. నాయం తెగేదాకా మింగగూడదంట. మింగితే తప్పు ఒప్పుకున్నట్లే గదా, రంకు చేసి మందులు గూడా మా ఇంట్లోనే మింగుతాదా అనింది."

జైతున్‌బీ తలుపు దగ్గరికి వేసింది. నిలబడే చెప్పింది, అంతా చెప్పింది. డాక్టరమ్మ షుగర్ లేదని చెప్పిన సంగతి, చిగుళ్ళు చూసి ఏం అనుమానపడిందో, ఊరికి పోయి నువ్వూ నీ పెండ్లామూ పరీక్ష చేయించుకోవాలని ఎంత నొక్కి చెప్పిందో. "నేనే షుగరని జెప్పినా రామాంజీ. నువ్వు బయపడ్తావని, నీ బతుకు పోతాదని జెప్పినా. ఆ పిల్ల తప్పు లేదు. ఆ పిల్లకు నీనుంచే పోయింటాది."

అతను మొదట నవ్వాడు. తర్వాత అతని నాలుక మూసిన పెదవుల వెనక చిగుళ్ళ మీద మెల్లగా తిరగడం ఆమెకు కనబడింది. ఆ పక్క నుంచి ఈ పక్కకు. స్టూలు మీద కూలబడ్డాడు. ఆమె మీద పడి కొడతాడనుకుంది. కొట్టి ఉంటే ఆమెకు కొంచెం ఊపిరాడేది.

"ఈ మాట ఎవురెవురికి తెలుసు?" అని అడిగాడు.

"నాకు, డాక్టరమ్మకు."

"అంతేనా?"

"అంతే."

అతని ముఖంలో కోపం లేదు. బతిమాలాడు. "అయితే షుగరనే చెప్పక్కా. ఆ పొద్దు జెప్పినావు గదా, అదే మాట. కొత్తగా యేం జెప్పొద్దు. మాఊళ్ళో ఈ మాట పుడితే నా తమ్ముని పెండ్లి ఆగిపోతాది, మాయమ్మ నుయ్యి జూసుకుంటాది. వీసా ఇచ్చిన మా కఫీల్ చెవిన బడితే నా పని ఖలాస్. నీ కాళ్ళు పట్టుకుంటా."

"ఆ పిల్ల గతేంది?"

"దానికి అమ్మానాయనా ఉండారు."

"కడుపులో ఉండేది నీ బిడ్డ కాదా?"

అతను చేతిలో ఫోన్ చూసుకున్నాడు. చెడ్డవాడని అనేసి చేతులు దులుపుకుంటే మనకు సుఖమే. కానీ మునిగేవాడు పక్కనున్నవాళ్ళ తల మీద కాలేసి పైకి లేవాలని చూస్తాడు. ఆ తల తన పెండ్లాందని ఆ క్షణంలో అతనికి తోచదు. తోచాలి. తోచలేదు. జైతున్‌బీకి అతని మీద అసహ్యం పుట్టింది, ఆ వెంటనే ఆ అసహ్యం తిరిగి తన మీదికే వచ్చింది. ఆ మాటను అతని చేతికి ఆయుధంలా ఇచ్చింది ఎవరు?

ఫోన్ మోగింది. అతను స్పీకర్ నొక్కి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె వైపు నమ్మకంగానే చూశాడు. ఇంతకు ముందు కాపాడిన మనిషే కదా.

"అమ్మా, డాక్టరుకు తెలుగు జెప్పేది నువ్వేనా?" అని ఒక పెద్దాయన గొంతు. వెనక చాలామంది మాటలు. ఎవరో ఆడమనిషి వెక్కిళ్ళు. "మా రామాంజులు రక్తం జూసినారంట గదా. ఏం జబ్బని జెప్పింది డాక్టర్? దేవుని మీద ఒట్టేసి జెప్పు తల్లీ. ఒక ఆడకూతురి బతుకు ఇది."

"ఆ పొద్దు జూసింది చక్కెర ఒకటే సామీ. చక్కెర లేదనింది" అంది జైతున్‌బీ. "చిగుళ్ళు జూసి, ఇది హెచ్‌ఐవీ మాదిరుండాది, ఊరికి పోయి పరీక్ష చేయించుకో, నీ పెండ్లాముకు గూడా చేయించు అనింది. షుగరని నేను అబద్ధం జెప్పినా. రామాంజులుకు తెలీదు. ఆయమ్మ తప్పు లేదు. ఆ మాత్రలు ఇప్పుడే మింగనీయండి."

అవతల ఒక్కసారిగా గోల లేచింది. ఎవరే నువ్వు, నా కొడుకు మీద నింద వేస్తావా అని సత్యనారాయణమ్మ అరుస్తోంది. అబద్ధం చెప్పినానని నువ్వే అంటున్నావు, ఈ మాట మాత్రం నిజమని ఎట్ల నమ్మాల అని ఇంకో మగ గొంతు. రామాంజనేయులు లేచి ఫోన్ కోసం చెయ్యి చాపాడు.

ఆ గోల మధ్యనుంచి, ఫోన్‌కు బాగా దగ్గరగా, ఇప్పటిదాకా వినబడని గొంతు వచ్చింది. "అక్కా, పెట్టేయొద్దు. డాక్టర్ ఉందా ఆడ? ఆయమ్మ నోటితో చెప్పించక్కా."

జైతున్‌బీ అతని చెయ్యి తోసేసి, ఫోన్ పట్టుకుని డాక్టరు గదిలోకి పోయి లోపల గడియ పెట్టింది. డాక్టరమ్మ చేతులు కడుక్కుంటోంది. జైతున్‌బీ ఆమెకు అరబ్బీలో చెప్పింది. చిన్న మాటల్లో, కొసరు లేకుండా. మీరు చెప్పమన్నది నేను చెప్పలేదు. అతనికి షుగరని చెప్పాను. అతని భార్య కడుపుతో ఉంది, ఆమె రక్తంలో తేలింది, ఆ నేరం ఆమె మీద వేశారు. ఇప్పుడు ఈ ఫోన్‌లో ఆమే ఉంది.

డాక్టరమ్మ కుళాయి కట్టలేదు. ఎన్నో ఏళ్ళుగా తన నోరనుకున్న మనిషిని ఎన్నడూ చూడనట్టు చూసింది. తలుపు మీద రామాంజనేయులు అరచేత్తో కొడుతున్నాడు. అక్కా, అక్కా అంటున్నాడు.

తిట్టడం తర్వాత సంగతని డాక్టరమ్మ అనుకుని ఉంటుంది. ఆమె అడిగింది అప్పటికి ఒక్కటే. "ఎన్నో నెల? మాత్రలు ఎన్ని మింగింది, అడుగు."

జైతున్‌బీ అడిగింది.

"అయిదు దాటిందక్కా" అంది శివపార్వతి. "మాత్రలు ఒక్కటి గూడా మింగలేదు. మింగనీలేదు. ఆ పొద్దే పొయ్యిలో ఏసినారు."

జైతున్‌బీ డాక్టరమ్మ వైపు తిరిగి, ఆ మాటను ఉన్నది ఉన్నట్టు చెప్పింది.